వరస తెగింది, ఇంకా రాయాలా మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. నాకు 37 ఏళ్ళు. మాది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. ఇంటి దగ్గరే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. దసరాకి ముందు టెస్టు చేయిస్తే మూడు నెలల షుగరు 6.1 వచ్చింది. మందులు అక్కర్లేదు, బరువు తగ్గమన్నారు డాక్టరుగారు. అప్పటికి 74 కిలోలున్నాను, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఆ వారమే మొదలుపెట్టాను. పొద్దున్నే కాలవ మీది లొల్ల లాకుల దాకా నడక, వారానికి మూడు రోజులు ఇంట్లో 3 కిలోల డంబెల్స్. మా తమ్ముడు చేతికి వాచీ కొనిచ్చి, ఫోన్‌లో యాప్ వేసిచ్చాడు. అడుగులు, కేలరీలు, తిన్నవి, తాగినవి అన్నీ అందులో ఎక్కించేదాన్ని. ఒక్క రోజూ తప్పలేదు. సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళి నాలుగు రోజులు ఏమీ చెయ్యలేదు. యాప్‌లో తప్పకుండా చేసిన రోజుల వరస తెగిపోయి మళ్ళీ ఒకటి దగ్గర నుంచి మొదలైంది. వెళ్ళేముందు 70 ఉన్నాను, తిరిగొచ్చి కాటా ఎక్కితే 72. అప్పటి నుంచి ఆ యాప్ తెరవాలంటేనే టెన్షన్. నడక సాగుతోంది కానీ డంబెల్స్ ఎప్పుడో ఒకసారి పడుతున్నాను. ఇప్పుడు బరువు 70 దగ్గర ఆగింది, మూడు వారాలుగా కదలడం లేదు. నడుము మాత్రం 38 అంగుళాల నుంచి 35న్నరకి వచ్చింది. నా జాకెట్లకి నేనే కుట్లు లోపలికి వేసుకున్నాను. కుడి మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. "ఇన్నాళ్ళూ రాసి రాసి తగ్గింది నాలుగు కిలోలేనా" అంటుంది మా ఆడపడుచు. బరువులెత్తితే మగరాయుడిలా తయారవుతావని మా అత్తగారు. రాయడం మానేసి ఊరికే చేసుకుంటే చాలదా? రాయాలంటే అసలు ఏం రాయాలి?

జవాబు: అమ్మా,

మీ ఉత్తరంలో మీరు పట్టించుకోకుండా దాటేసిన లెక్క ఒకటుంది, ముందు అది చెబుతాను. 74 నుంచి 70కి వచ్చారంటే మీ బరువులో 5 శాతం పైనే తగ్గారు. మీలాగే షుగరు అంచున ఉన్నవాళ్ళ మీద అమెరికాలో మూడు వేల మందికి పైగా తీసుకుని పెద్ద పరిశీలన చేశారు, ఫలితాలు 2002లో బయటికొచ్చాయి. అందులో ఒక జట్టుకి రెండే లక్ష్యాలు పెట్టారు. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవడం. మామూలు సలహాతో సరిపెట్టుకున్న జట్టుతో పోలిస్తే వీళ్ళలో షుగరు వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. మీకు 7 శాతం అంటే దాదాపు 69 కిలోలు. అక్కడికి మీరు ఒక్క కిలో దూరంలో ఉన్నారు. మీ ఆడపడుచుకి ఈ లెక్క చెప్పాలనిపిస్తే చెప్పండి, లేకపోతే లేదు. మీకు తెలిస్తే చాలు.

ఇంకో పరిశీలన మన దేశంలోదే. చెన్నై వైద్యులు చేసి 2006లో ప్రచురించారు. నడక పెంచి, తిండి మార్చుకున్నవాళ్ళలో షుగరు రావడం 28.5 శాతం తగ్గింది. నన్ను ఆలోచనలో పడేసిన సంగతేమిటంటే, వాళ్ళ బరువు చెప్పుకోదగ్గట్టు తగ్గనేలేదు. బరువు తగ్గకపోయినా లోపల మేలు జరిగింది. తిన్నాక రక్తంలో చేరిన చక్కెరని ఎక్కువగా లాగేసుకునేవి మన కండరాలే. వాటికి పని పెట్టిన రోజున ఆ పని బాగా చేస్తాయి. అది కాటాలో ఆలస్యంగా కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించదు. అందుకని మీ పుస్తకంలో ముందు ఎక్కాల్సింది చేసిన పని. బరువు ఆ తరవాత.

కాబట్టి రాయడం మానకండి. రాసే పద్ధతి మాత్రం మొత్తం మార్చేయండి.

మీ దగ్గర కొలతల పుస్తకం ఉండే ఉంటుంది. ఎవరి భుజం ఎంత, చేతి పొడుగు ఎంత అని రాసుకుంటారు. ఆ అంకెలు ఎవరికీ మార్కులు వెయ్యడానికి కాదు కదా, గుడ్డ మీద కత్తెర ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి. కసరత్తు పుస్తకం కూడా అలాగే ఉండాలి. సోమవారం రాసిన అంకె చూసుకుని బుధవారం ఏం చెయ్యాలో తేల్చుకోవాలి. ఏ అంకె వల్ల రేపటి పని మారదో ఆ అంకె రాయడం దండగ. ఈ లెక్కన చూస్తే మీరు యాప్‌లో ఎక్కించేవాటిలో సగానికి పైగా ఎగిరిపోతాయి.

మొదట ఎగిరిపోవాల్సింది వాచీ చూపించే కేలరీలు. 2017లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు చేతికి పెట్టుకునే ఏడు రకాల పరికరాలు తీసుకుని పరీక్షించారు. గుండె వేగాన్ని వాటిలో ఆరు బాగానే పట్టుకున్నాయి. ఖర్చైన కేలరీల దగ్గరికి వచ్చేసరికి, అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చూపించింది. అన్నిటికన్నా అధ్వాన్నమైనది 93 శాతం. వాచీ 300 ఖర్చయ్యాయంది కాబట్టి రెండు పూతరేకులు తినొచ్చు అని లెక్క వేసుకుంటే ఆ లెక్క నిలవదు. తినాలనిపిస్తే ఒకటి తినండి, ఇష్టంగా తినండి, వాచీని అడగొద్దు.

అడుగుల సంగతీ అంతే. రోజుకి 10,000 అనే అంకె 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అమ్మిన అడుగుల మీటరు పేరులోంచి ఊరంతా పాకింది. వైద్యులు తేల్చిన కొలత కాదు అది. వయసు మళ్ళిన ఆడవాళ్ళ మీద 2019లో వచ్చిన ఒక అమెరికా పరిశీలనలో అడుగులు పెరిగేకొద్దీ ఆయుష్షుకి కలిగే మేలు 7,500 దగ్గర దాకా పెరిగి అక్కడ నిలిచిపోయింది. మీరు లాకుల దాకా వెళ్ళొస్తున్నారు, మిగతా రోజంతా ఇంటి పనిలో ఉంటారు. అడుగుల కోసం రాత్రి పదింటికి వరండాలో తిరగక్కర్లేదు. పైగా ఆ వాచీ చేతి ఊపుని బట్టి అడుగులు లెక్కపెడుతుంది. మిషను దగ్గర కూర్చున్నప్పుడు మీ చేతులు ఎంత తిరుగుతాయో మీకు తెలుసు.

ఇక ఏం రాయాలి. ఒక మామూలు రూళ్ళ నోటుబుక్కు, దారం కట్టిన పెన్ను. డంబెల్స్ ఎక్కడ పెడతారో అక్కడే ఉంచండి. ఒక సెట్టు (ఆగకుండా వరసగా చేసినదంతా ఒక సెట్టు) అవగానే, ఊపిరి సర్దుకునే ఆ నిమిషంలోనే రాసెయ్యాలి. రాత్రికి రాద్దాంలే అనుకుంటే 9 సార్లు చేసింది 10 అవుతుంది. అందరికీ అవుతుంది, జ్ఞాపకం ఎప్పుడూ మన పక్షమే. ఒక రోజు పేజీ ఇలా ఉంటే చాలు:

కుర్చీ – 3 కిలోలు, రెండు చేతుల్లో – 12, 12, 10 – ఇంకా 2
వంగి లాగడం – 3 కిలోలు – 12, 12, 12 – ఇంకా 5
గోడ పుషప్పులు – 10, 9, 7 – ఇంకా 1
నడక – లాకుల దాకా, వెనక్కి – 44 నిమిషాలు – మాట వచ్చింది, పాట రాలేదు
కుడి మోకాలు – 2

'కుర్చీ' అంటే చేతుల్లో డంబెల్స్ పట్టుకుని కుర్చీ అంచున కూర్చుని లేవడం. 'వంగి లాగడం' అంటే ఒక చెయ్యి మంచం పట్టె మీద ఆనించి, రెండో చేత్తో బరువుని నడుము పక్కకి లాక్కోవడం. రోజంతా మిషను మీదకి వంగి కుట్టేవాళ్ళకి ఇంతకన్నా అవసరమైన కసరత్తు లేదంటాను. మిగతావి ఉన్నా లేకపోయినా ఇది వదలకండి. 'గోడ పుషప్పులు' అంటే గోడకి రెండు చేతులూ ఆనించి, ముందుకి వంగి మళ్ళీ వెనక్కి నెట్టుకోవడం. మధ్యలో ఉన్న అంకెలు మూడు సెట్లలో ఎన్నేసిసార్లు చేశారో చెబుతాయి.

అసలు కీలకం చివర్లో రాసే 'ఇంకా' అనే మాట. ఆఖరి సెట్టు ఆపేసినప్పుడు, బలవంతంగా చేస్తే, చేసే తీరు చెడకుండా ఇంకా ఎన్నిసార్లు చెయ్యగలరో నిజాయితీగా ఒక అంకె వెయ్యాలి. పై పేజీలో వంగి లాగడం దగ్గర 'ఇంకా 5' ఉంది. అంటే ఆ బరువు మీకు తేలికైపోయింది, కండరానికి పెరగాల్సిన అవసరమే కనబడలేదు. వచ్చేసారి 12 బదులు 15 చెయ్యండి. 15 కూడా తేలికైతే బరువు పెంచండి. కొత్త డంబెల్స్ కొనక్కర్లేదు, గట్టి పిడి ఉన్న సంచిలో 5 కిలోల బియ్యం పోసి మూతి కట్టండి. పెంచిన రోజున మళ్ళీ 8 సార్ల నుంచి మొదలు. గోడ పుషప్పుల దగ్గర 'ఇంకా 1' ఉంది, సంఖ్య కూడా 10 నుంచి 7కి పడిపోయింది. అక్కడ ఏమీ పెంచొద్దు, వచ్చేవారం కూడా అదే చెయ్యండి. కుర్చీ దగ్గర 'ఇంకా 2', అది సరిగ్గా ఉండాల్సిన చోట ఉంది. మూడో సెట్టు కూడా 12కి వచ్చేదాకా అలాగే కొనసాగించండి.

నాలుగు నెలలుగా అవే 3 కిలోలు పట్టుకుంటున్నారని మీ ఉత్తరంలోనే ఉంది. ఎన్నిసార్లు చేస్తున్నారో మాత్రం లేదు, యాప్ మిమ్మల్ని అది అడిగి ఉండదు. మీరు ఆగిపోయారని నాకు అనిపించేది ఇక్కడ, కాటా దగ్గర కాదు. మొదట్లో నెలా రెండు నెలల పాటు బలం తొందరగా పెరుగుతుంది. కండరాన్ని సరిగ్గా పలికించడం నరాలకి అలవాటవుతుంది కాబట్టి ఆ పెరుగుదల వస్తుంది. ఆ తరవాత కండరం కూడా పెరగాలంటే భారం కొద్దికొద్దిగా పెరగాలి. దాన్ని గుర్తుపెట్టుకుని పెంచడం రాయకుండా అయ్యే పని కాదు. "రాయడం మానేసి ఊరికే చేసుకుంటే చాలదా" అన్నారు కదా. నడకకి చాలు. డంబెల్స్‌కి చాలదు.

నడకకి కొలత మీ దారిలోనే ఉంది. లాకులు ఎక్కడికీ కదలవు. అదే దారి, అదే మలుపు, వెళ్ళి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాయండి. పక్కన మాట సంగతి. పక్కవాళ్ళతో మాట్లాడగలుగుతూ, పాట పాడమంటే మాత్రం పాడలేనట్టు ఉంటే ఆ నడక చురుకైన నడక. పాట కూడా వచ్చేస్తుంటే అది షికారు. షికారూ మంచిదే, కానీ 150 నిమిషాల్లో కలపకండి. మన డెల్టాలో మరో ఇబ్బంది, ఎంత దూరం పోయినా నేల చదునే. గుండెకి కాస్త పని పెట్టాలంటే మనకున్న కొండ ఏటిగట్టే. వారానికి ఒక రోజు లాకులు మానేసి, గట్టు ఎక్కడం దిగడం ఆరేడుసార్లు చెయ్యండి. మోకాలు ఊరుకుంటేనే. ఈ నెలలో పొద్దున్న మంచు దట్టంగా ఉంటుంది కాబట్టి ఎండ పొడిచాకే బయల్దేరండి, కాలవ గట్టు మీద ఎదురుగా వచ్చే బండ్లు కనబడే వైపు నడవండి.

వేసవిలో ఇంకో జాగ్రత్త. కాలవలు కట్టేసే రోజులకి ఉక్క మొదలవుతుంది. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, గుండె ఎక్కువ కొట్టుకోవాలి. 44 నిమిషాల దారి 50 పడుతుంది. పుస్తకంలో 'ఉక్క' అని ఒక్క మాట రాసి ఊరుకోండి. ఫిబ్రవరి అంకెతో మే అంకెని పోల్చి బాధపడొద్దు.

ఇప్పుడు సంక్రాంతి. పుట్టింటికి వెళ్ళారు, భోగి నుంచి ముక్కనుమ దాకా ఉన్నారు. కనుమనాడు కాకైనా కదలదని మన పెద్దలే అన్నారు. అరిసెలు, గారెలు, కోడికూర తిన్నారు. వచ్చి చూస్తే రెండు కిలోలు పెరిగింది, భయపడ్డారు. ఆ భయమే మిమ్మల్ని ఆపేసింది, నాలుగు రోజుల సెలవు కాదు. లెక్క చూడండి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రెండు కిలోల కొవ్వు పట్టాలంటే మీ ఒంటికి కావలసిన దానికి పైన 15,400 తినాలి, అంటే రోజుకి 3,850 అదనంగా. మీ అమ్మగారు ఎంత కొసరి కొసరి వడ్డించినా అది అయ్యే పని కాదు. అన్నం, పిండివంటలు ఎక్కువ తిన్నప్పుడు కండరాల్లో, కాలేయంలో పిండిపదార్థం నిల్వ చేరుతుంది. ఆ నిల్వ గ్రాముకి సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది. ఆవకాయ, అప్పడాల ఉప్పు ఇంకొంత నీటిని ఆపుతుంది. మీరు మోసుకొచ్చింది చాలావరకు నీళ్ళు. అందుకే మళ్ళీ 70కి దిగారు.

నాలుగు రోజుల్లో బలమూ పోదు. ఏమీ చెయ్యకుండా రెండు మూడు వారాలు గడిస్తే అప్పుడు కొద్దిగా తగ్గడం మొదలవుతుంది, అది కూడా తిరిగి మొదలుపెడితే ముందుకన్నా తొందరగా వచ్చేస్తుంది. మీ ఒంట్లో ఏదీ ఒకటి దగ్గరికి వెళ్ళలేదు. యాప్‌లో వరస అనేది మీ చేత దాన్ని రోజూ తెరిపించడానికి పెట్టిన ఏర్పాటు. ఆ లెక్క మీకు అక్కర్లేదు, ఆ యాప్ తీసేయండి. తమ్ముడు ఏమైనా అనుకుంటాడేమో అని వాచీ ఉంచుకోండి, టైము చూసుకోవడానికీ నడక నిమిషాలకీ పనికొస్తుంది.

చెయ్యని రోజుల్ని కూడా పుస్తకంలో రాయాలి, ఇది మాత్రం నేను గట్టిగా అడుగుతున్నాను. ఖాళీ వదలొద్దు. తేదీ వేసి 'చెయ్యలేదు – పుట్టిల్లు' అని రాయండి. ఇంకో రోజు 'చెయ్యలేదు – జాకెట్లు', 'చెయ్యలేదు – నెలసరి, నడుము నొప్పి', 'చెయ్యలేదు – బద్ధకం'. ఏది నిజమైతే అది. నెలాఖరున ఆ కారణాలు వరసగా చదివితే మీకే ఒకటి తెలుస్తుంది. హైస్కూలు గ్రౌండుకి వచ్చే పెద్దవాళ్ళ చేత నేను ఇలాగే రాయిస్తాను. బద్ధకం అని రాసినవాళ్ళు తక్కువ. ఎక్కువమందికి ఏదో ఒకే కారణం మళ్ళీ మళ్ళీ వస్తుంది. మీకు అది 'జాకెట్లు' అవుతుందని నా అనుమానం. మాఘమాసం పెళ్ళిళ్ళు నడుస్తున్నాయి, రాత్రి పొద్దుపోయేదాకా మిషను ఆగి ఉండదు. అలాంటప్పుడు సాయంత్రం ఆరింటికి డంబెల్స్ అని పెట్టుకుంటే ఆ ఆరింటికే ఎవరో ఒకరు కొలతలకి వస్తారు. కసరత్తుని పొద్దున్న నడక నుంచి రాగానే, చెప్పులు విప్పక ముందే కానిచ్చేయండి.

ముహూర్తాల ఒత్తిడి మరీ ఎక్కువున్న రోజుకి చిన్న పేజీ ఒకటి ముందే రాసి పెట్టుకోండి. కుర్చీ రెండు సెట్లు, వంగి లాగడం రెండు సెట్లు. పది నిమిషాలు పట్టదు. చేసినది ఎంత కొంచెమైనా లెక్కలోకి వస్తుందనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు కూడా చెబుతున్నాయి. వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడకలాంటి పని, రెండు రోజులైనా కండరాలకి బలమిచ్చే కసరత్తు కావాలంటాయి. మీరు మూడు రోజులు పెట్టుకున్నారు. ఒకటి తప్పినా రెండుంటాయి, వారం చెడలేదు. తప్పిన దాన్ని మర్నాడు కలిపి రెట్టింపు చెయ్యొద్దు. విరామం తరవాత మొదటి రోజు ఒక సెట్టు తగ్గించి చేసి, రెండో రోజు నుంచి మామూలుగా వెళ్ళండి. జ్వరం వచ్చి లేచాక అయితే సగంతో మొదలుపెట్టండి.

మిషను దగ్గర కూర్చునే గంటల గురించి కూడా ఒక మాట. అరగంటకోసారి లేచి, మంచినీళ్ళకో, కత్తిరించిన ముక్కలు సర్దడానికో రెండు నిమిషాలు తిరగండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే తిన్న తరవాత షుగరు అంతగా ఎగబాకదు. ఇవి రాయక్కర్లేదు, చేస్తే చాలు.

బరువు చూసుకోవడం మానమనను. వారానికి మూడుసార్లు, పొద్దున్న బాత్రూముకి వెళ్ళొచ్చాక, ఏమీ తినక ముందు, ఒకే కాటా మీద. మూడూ కలిపి మూడుతో భాగించి వారం సగటు ఒక్కటే చూడండి. నెలసరికి ముందు ఆడవాళ్ళకి ఒంట్లో నీరు చేరి కిలో దాకా పెరిగినట్టు కనిపించడం మామూలే, అందుకని ఈ నెల మొదటి వారాన్ని పోయిన నెల మొదటి వారంతో పోల్చకుండా, ఈసారి నెలసరి అయిన తరవాతి వారాన్ని పోయినసారి నెలసరి అయిన తరవాతి వారంతో పోల్చుకోండి. మూడు వారాలంటే చిన్న కాలం, అందుకే బరువు కదలకపోవడం మీద నాకు బెంగ లేదు.

నడుము కొలత మీకు నేను నేర్పేది లేదు. ఒక్క తేడా ఉంది. జాకెట్టుకి, పావడాకి కొలిచే చోట కాకుండా, చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యన టేపు పెట్టి, ఊపిరి వదిలాక, బిగించకుండా చూడాలి. నెలకోసారి చాలు. మనవాళ్ళలో ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు ఎక్కువని లెక్క. మీకింకా నాలుగంగుళాల పనుంది. కానీ నాలుగు నెలల్లో రెండున్నర అంగుళాలు పోయిందంటే పోయినది చాలావరకు పొట్ట దగ్గరి కొవ్వే. మీ జాకెట్టు కుట్లు కాటా కన్నా నమ్మకమైన సాక్ష్యం, నేనైతే వాటినే నమ్ముతాను.

ఫొటోలు తీసుకోవాలనిపిస్తే నెలకొకటి, అదే గోడ ముందు, అదే వెలుతురులో. ఎవరికీ పంపొద్దు. మూడు నెలల్లో మనిషే మారిపోయిందని చూపించే జంట ఫొటోల్లో సగం మార్పు వెలుతురుది, నిలబడిన తీరుది. వాటితో మిమ్మల్ని పోల్చుకోకండి.

మీ అత్తగారి భయం గురించి. బరువులెత్తితే మగవాళ్ళలా కండలు తిరగడానికి కావలసిన హార్మోను ఆడవాళ్ళలో చాలా తక్కువ. మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చారు. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. మీరు ఎత్తేది 3 కిలోలు, రేపు బియ్యం సంచి 5. పెద్దావిడతో వాదన వద్దు. వీలైతే ఆవిణ్ణి కూడా మీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చోమనండి. అరవై దాటినవాళ్ళకి పడిపోకుండా కాపాడేది కాళ్ళ బలమే. ఆవిడకి కూడా పుస్తకంలో ఒక గీత కేటాయించండి.

తిండి రాయడం వద్దు. రోజూ ప్రతి ముద్దా లెక్కపెట్టి మీరు అలిసిపోయారు. ఒక్క మాంసకృత్తుల సంగతి చూసుకోండి, బరువు తగ్గేటప్పుడు అవి చాలకపోతే కొవ్వుతోపాటు కండరం కూడా కరుగుతుంది. పూటపూటకీ గుడ్డో, చేపో, పప్పో, పెరుగో కంచంలో తప్పకుండా ఉండాలి. గుడ్డుకి 6 గ్రాములు, 100 గ్రాముల చేప ముక్కకి 18 నుంచి 20 గ్రాములు వస్తాయి. చేపలు మన వాకిట్లోకే వస్తాయి కాబట్టి డబ్బాల్లో అమ్మే పొడులు మీకు అక్కర్లేదు. అన్నం ఇప్పుడు తింటున్న దానిలో పావు వంతు తగ్గించి ఆ చోట కూర పెట్టుకోండి.

మోకాలు. పట్టేయడం ఏ పనిలో వస్తోందో రాయలేదు మీరు. పేజీ అడుగున రోజూ నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వెయ్యండి. 3 లోపు ఉండి మర్నాటికి తగ్గిపోతుంటే కసరత్తు కొనసాగించవచ్చు, కుర్చీ మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచుకోండి. 3 దాటినా, మర్నాడు పొద్దున్న లేచేసరికి ఎక్కువైనా ఆ పని తగ్గించాలి. వరసగా మూడుసార్లు అలా అయితే, లేదా వాపు వస్తే, ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి. పుస్తకం కూడా పట్టుకెళ్ళండి, ఎప్పటి నుంచి, ఏ పనిలో అని వాళ్ళు అడిగేవాటికి జవాబులు అందులోనే ఉంటాయి. ఛాతీలో బరువుగా ఉన్నా, కళ్ళు తిరిగినా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా ఆ రోజు రాయడాలూ చేయడాలూ అన్నీ ఆపి ముందు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలి.

మూడు నెలల షుగరు పరీక్ష చేయించి నాలుగు నెలలు దాటింది. ఈ నెలలోనే మళ్ళీ చేయించండి. అందులో సంక్రాంతి రోజులు కూడా కలిసే వస్తాయి, దానికి భయపడి వాయిదా వెయ్యకండి. రిపోర్టు డాక్టరుగారికి చూపించాక, నాలుగు వారాల పేజీలతో పాటు నాకు కూడా పంపండి. వంగి లాగడం దగ్గర బరువు పెరిగిందా, మోకాలు ఏ పనిలో పట్టేస్తోంది, ఈ రెండూ చూసి తరవాతి నెలకి ఏం మార్చాలో రాస్తాను.